మంచు ఎగరకూడదు

నా బిడ్డ మనోజకు సినిమాలో దొరికిన మొదటి డైలాగు ఒక్క మాట. అదీ ఇంగ్లీషు మాట. ఫ్రీజింగ్.

కృష్ణానగర్‌లోని మా గదిలో ఆ మాటను రెండు రోజులు సాధన చేసింది. గోడకు తగిలించిన చిన్న అద్దం ముందు నిలబడి, భుజాలు పైకి లాక్కుని, చేతులు రెండూ చంకల్లో దూర్చుకుని, పళ్ళు టకటకలాడించి అనేది. బయట మే నెల. రేకుల కప్పు కింద ఫ్యాను వేడిగాలినే తిప్పి మా మీద పోస్తోంది. ముక్కు కొసన చెమట బొట్టు వేలాడుతుండగా ఆమె ఫ్రీజింగ్ అనేది.

“గా మాటకు అర్థమేంది బిడ్డా?” అని అడిగాను.

“సలి నాయినా. మస్తు సలి.”

“సలి అయితే సలి అనొచ్చు గదా.”

“గట్ల అనరు. డైరెక్టరు కాడ పనిజేసే శ్రీనిధి మేడం అన్నీ చెప్పింది. చిల్లీ అంటే జర సలి. శాలువ కప్పుకుంటే పోతది. అది అనేటప్పుడు నవ్వొచ్చు. కోల్డ్ అంటే ఇంకింత. ఫ్రీజింగ్ అంటే నీళ్ళు గడ్డకట్టే సలి. అది అనేటప్పుడు నవ్వొద్దు, మొఖం బిగవట్టాలె.”

“మనూర్ల తెల్లారంగ బాయికాడ మేం గూడ వణికినం. ఎవ్వడు ఇంగిలీసుల వణకలే.”

“నువ్వు జర ఊకో నాయినా. నీకు తెల్వదు.”

నాకు తెలియదన్నది నిజమే. నేను ఊరి బడిలో ఏడో తరగతి దాకా చదివాను. ఇంగ్లీషు మాటలంటే నాకు గిట్టదు. మనోజ తల్లిని ఆస్పత్రిలో ఉంచినన్నాళ్ళూ అక్కడి డాక్టర్లు రోజూ స్టేబుల్ అనేవాళ్ళు. అదే మాట అంటూ అంటూ ఒక మధ్యాహ్నం శవాన్ని అప్పగించారు. వాళ్ళను నేను క్షమించలేదు. క్షమించే ఉద్దేశమూ లేదు.

ఆమె పోయాక ఊళ్ళో ఉండబుద్ధి కాలేదు. మనోజ అప్పటికే కృష్ణానగర్‌లో మరో ఇద్దరు అమ్మాయిలతో ఉంటూ జూనియర్ ఆర్టిస్టుగా తిరుగుతోంది. నేనూ వచ్చాను, ఇద్దరం వేరే గది తీసుకున్నాం. నా తెల్లగడ్డం చూసి నన్నూ పిలవడం మొదలుపెట్టారు. పంచాయతీలో కూర్చున్న ముసలివాడు, గుడి మెట్ల మీది ముసలివాడు, చావు ఇంట్లో ముసలివాడు. నోరు తెరవక్కర్లేదు. తెరిచినప్పుడల్లా చెడింది. ఒకసారి భోజనాలు చల్లారిపోయిన తర్వాత పెట్టారని నేను మేనేజరుతో గొడవ పడితే ఇద్దరికీ చాలా రోజులు పిలుపు రాలేదు. అందుకే ఈ షూటింగుకు బయలుదేరేటప్పుడు మనోజ ఆటోలో నా వైపు తిరిగి గట్టిగా చెప్పింది.

“సెట్ల నువ్వు నాకు ఏం గావు. నన్ను పిలవకు. నా డైలాగు నడుమ నోరు తెరిస్తివంటే మళ్ళ నీతోని మాట్లాడ.”

“తెరవను” అన్నాను.

ఫిల్మ్‌నగర్‌లో ఒక స్టూడియో ఫ్లోరులో, అంటే పెద్ద షెడ్డులో, వేసిన సెట్టు అది. ఏదో చలిదేశపు రైల్వేస్టేషను. ప్లాట్‌ఫారం మీద, బెంచీల మీద, దీపస్తంభాల మీద అంతా మంచు. ఆ మంచు థర్మోకోల్ పొడి. బెంచీ అంచుల మీద మాత్రం దూది అతికించారు. చూస్తే నిజమనిపించేలా ఉంది. అయితే ఒకటే చిక్కు. చిన్న గాలి తగిలినా ఆ పొడి లేచిపోతుంది. కాబట్టి ఫ్యాన్లు వేయకూడదు. ఏసీ గొట్టాల్లోంచి గాలి రాకూడదు. ఫ్లోరు పెద్ద తలుపులు మూసి ఉంచాలి. పైన పెద్ద లైట్లు మండుతుంటాయి. మంచు ఎగరకూడదు, అంతే. ఉదయం నుంచి అందరి నోటా ఆ మాటే.

మాకందరికీ లోపల బిగుతు ఉన్ని బనీను, పైన స్వెట్టరు, ఆ పైన మోకాళ్ళు దాటే ఉన్ని కోటు, చేతులకు తొడుగులు, కాళ్ళకు బూట్లు వేశారు. కోటు భుజాల మీద జిగురు చల్లి థర్మోకోల్ పొడి అంటించారు. ఒక్కసారి అంటించాక కోటు విప్పకూడదు. విప్పితే పొడి రాలుతుంది. రాలితే ముందు తీసిన షాటుకూ తర్వాతి షాటుకూ కలవదు. హీరోయిన్‌కు అలాంటి కోట్లు మూడు కుట్టించారు. షాటు అయిన వెంటనే ఇద్దరు వచ్చి ఆమె కోటు పట్టుకుంటారు, ఆమె చల్లటి వ్యానులోకి వెళ్ళిపోతుంది. మేము మంచులోనే కూర్చుని ఉండాలి.

నేను వెనక బెంచీ మీద టోపీ పెట్టుకుని పేపరు చదివే ముసలివాణ్ణి. మనోజ ముందు బెంచీ మీద హీరో పక్కన కూర్చున్న పరదేశపు అమ్మాయి. నా బెంచీ ఓరగా వేశారు కాబట్టి ఆమె ముఖం నాకు పక్కనుంచి కనిపిస్తుంది. ఆమె వణుకుతూ ఆ మాట అనాలి. అది విని హీరో తిరిగి చూసి, అటువైపు నిలబడ్డ హీరోయిన్ కూడా వణుకుతోందని గమనించి, తన మఫ్లర్ తీసి ఆమెకు ఇవ్వాలి. కథలో మనోజకు అంతే పని. కాని ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖం ఒక్కదాన్నే తెర నిండా చూపిస్తారట. అందుకోసం ఆమె రెండేళ్ళుగా తిరుగుతోంది.

మొదటి టేకుల్లో దర్శకుడు రఘునందన్‌కు ఆమె నచ్చలేదు.

“ఏంటమ్మా అది? ఫ్రిజ్‌లో సీసా తీసి తాగినట్టు అంటున్నావ్. అది చిల్లీ. నాకు చిల్లీ వద్దు. శ్రీనిధీ, ఆ పిల్లకి తేడా చెప్పావా లేదా?”

అసోసియేట్ డైరెక్టర్ శ్రీనిధి పరుగెత్తుకొచ్చింది. “చెప్పానండీ. మనోజా, ఇలా చూడు. కాలివేళ్ళు నీవి కావు అనుకో. పెదాలు కదలవు అనుకో. మాట నోట్లోంచి రావడానికే భయపడాలి. సరేనా?”

“సరే మేడం.”

మళ్ళీ తీశారు. మళ్ళీ కట్ అన్నాడు.

“చలికి వణకమంటే డాన్సు చేస్తుందేంటండీ ఈ అమ్మాయి?”

అందరూ నవ్వారు. హీరో కూడా నవ్వాడు. నేను పేపరు వెనక పళ్ళు బిగించాను.

టేకుకూ టేకుకూ మధ్య మేకప్ వీరయ్య వచ్చి మనోజ ముఖం అద్దేవాడు. చెమట ధారలు కట్టి పౌడరును కోసుకుంటూ పోయేది. చలికి పాలిపోయినట్టు పెదాల మీద తెల్లరంగు వేశారు కాబట్టి నీళ్ళు తాగనివ్వడం లేదు. అడిగితే స్ట్రా పెట్టి ఒక గుక్క పీల్చనిచ్చారు.

“ఏం చెమటమ్మా నీది, కుళాయి తిప్పినట్టు! నా స్పాంజి నానిపోయింది” అని వీరయ్య విసుక్కున్నాడు.

మధ్యాహ్నం భోజనానికి వదల్లేదు. ఈ షాటు అయ్యాకే బ్రేక్ అన్నారు. నా గడ్డం లోంచి చెమట బొట్లు పేపరు మీద పడి అక్షరాలు ఉబ్బాయి. తల దిమ్ముగా ఉంది. పక్క బెంచీ మీది మనిషి వాంతి వస్తోందని లేచి తలుపు దగ్గరకు పోయాడు. అతని స్థానంలో ఇంకొకణ్ణి తెచ్చి కూర్చోబెట్టారు. కోటు మాత్రం అదే.

కొంతసేపటికి వీరయ్య మనోజ ముఖం దగ్గరకు వంగి, స్పాంజి ఎత్తి, ఆగిపోయాడు. నవ్వాడు.

“హమ్మయ్య. సెట్టయ్యింది సార్. చెమట ఆగిపోయింది. ఇంక టచప్ అక్కర్లేదు, కానిచ్చెయ్యండి.”

నాకు అప్పుడు మొదలైంది భయం.

నేను తడిసి ముద్దయి ఉన్నాను. నా ముందున్న వాళ్ళంతా తడిసే ఉన్నారు. హీరో మెడ చెమటకు మెరుస్తోంది. వాళ్ళందరి నడుమ కూర్చున్న నా బిడ్డ ముఖం ఒక్కటే ఎండిపోయి ఉంది. పౌడరు కింద చర్మం ఎర్రగా కమిలింది. అది ఎందుకో నాకు తెలియదు. మంచిది కాదని మాత్రం తెలిసింది.

“వీరయ్యన్నా” అంది మనోజ. గొంతు మందంగా వచ్చింది. “బస్సు వచ్చిందా?”

“బస్సేంటమ్మా, రైల్వేస్టేషనిది” అని నవ్వుతూ అతను వెళ్ళిపోయాడు.

సీన్‌లో బస్సు లేదు. ఊళ్ళో మా ఇంటి ముందు ఆగే బస్సు గుర్తొచ్చిందేమో. నా నోరు తెరుచుకోబోయింది. నోరు తెరిస్తే మాట్లాడనన్న బిడ్డ అది. రెండేళ్ళుగా ఈ మాట కోసం తిరిగిన బిడ్డ. నేను మూసుకున్నాను. ఈ ఒక్క టేకు కానీ అనుకున్నాను. ఇది ఓకే అయితే కోటు విప్పించి నీళ్ళు తాగించవచ్చు.

“యాక్షన్!”

మనోజ వణికింది.

అంతకుముందు వణికినట్టు కాదు. భుజాలు ఎత్తలేదు, చేతులు చంకల్లో పెట్టుకోలేదు. కింది దవడ దానంతటదే కొట్టుకుంది. తొడుగుల్లో వేళ్ళు ఎగిరిపడుతున్నాయి. వీపు మీది కోటు అంతా అదిరింది. ఫ్లోరులో చప్పుడు పోయింది. దర్శకుడు మానిటర్ ముందు లేచి నిలబడ్డాడు. కట్ అనకుండానే గుసగుసగా అంటున్నాడు, “అదీ... అదీ... దగ్గరికెళ్ళు, దగ్గరికెళ్ళు.” కెమెరా ఆమె ముఖం మీదికి జారుకుంటూ వెళ్ళింది.

మాట కోసం అందరూ చూస్తున్నారు.

“సలి వెడుతుంది నాయినా” అంది మనోజ.

“కట్ కట్ కట్! బంగారం లాంటి షాటు. నాయినెవరమ్మా మధ్యలో?” దర్శకుడు తల పట్టుకున్నాడు. “నువ్వు ఫారిన్ అమ్మాయివి. నీకు నాయినా లేడు, సలీ లేదు. అదే వణుకు ఉంచు, సూపర్‌గా ఉంది, మాట ఒక్కటి మార్చు. ఫ్రీజింగ్. అంతే. చప్పట్లు కొట్టండయ్యా, ఇదీ యాక్టింగంటే!”

చప్పట్లు కొట్టారు. కొందరు సెల్‌ఫోన్లు తీశారు. ఆ చప్పట్లకు మనోజ తల తిప్పి చూడలేదు. ఎవరైనా మెచ్చుకుంటే చిన్నపిల్లలా సిగ్గుపడే మనిషి. ఇప్పుడు పైనున్న లైటు వైపు రెప్ప వేయకుండా చూస్తోంది.

చిన్నపిల్లగా జ్వరం వచ్చినప్పుడు తప్ప ఆమె నన్ను ఆ గొంతుతో పిలవలేదు. సెట్టులో నేను తనకు ఎవరినీ కానని చెప్పిన మనిషి నన్ను పిలిచిందంటే తను ఎక్కడుందో తనకు తెలియడం లేదు. లేవాలనుకున్నాను. లేవలేకపోయాను. భయం అంటే అరుపు అనుకుంటారు. నేను పేపరును ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

“రోలింగ్... యాక్షన్!”

మళ్ళీ వణికింది. పెదవి కొరుక్కుందేమో, తెల్లరంగు మీద ఎర్రగా గీత కనిపించింది. మాట రాలేదు. నోట్లోంచి ఏదో మూలుగు వచ్చింది.

“మాట! మాట చెప్పమ్మా!”

నేను లేచాను. పేపరు పడిపోయింది. బెంచీని దాటి మంచులోంచి నడిచాను. ఎవరూ తొక్కకుండా ఉదయం నుంచి కాపాడిన ప్లాట్‌ఫారం అది. నా బూట్ల చుట్టూ తెల్లపొడి లేచింది.

“ఎవడ్రా ఆ ముసలాడు! కట్! పట్టుకోండ్రా వాణ్ణి!”

ఎవరో నా కోటు వెనక నుంచి లాగారు. జిగురు పొడి వాళ్ళ చేతికంటుకుంది. నేను మనోజ ముందు కూలబడి తొడుగు తీసి ఆమె మెడ కింద చెయ్యి పెట్టాను. పెనం ముట్టుకున్నట్టు ఉంది. ఒక్క చుక్క తడి లేదు.

“నా బిడ్డ కాలిపోతుందిరా!” అని అరిచాను. “తలుపులు తెరువుండ్రి! ఫ్యాన్లు ఎయ్యుండ్రి!”

ప్రొడక్షన్ మేనేజర్ త్రినాథరావు పరుగున వచ్చాడు. మనోజ నుదురు ముట్టుకుని చెయ్యి వెనక్కి లాక్కున్నాడు.

“చలిజ్వరం సార్. చూడండి ఎలా వణుకుతోందో. దుప్పటి, దుప్పటి పట్రండ్రా!”

కాస్ట్యూమ్ కుర్రాళ్ళు రెండు కంబళ్ళు తెచ్చి ఆమె మీద వేశారు. నేను లాగి పారేశాను. వాళ్ళు మళ్ళీ వేశారు. వణికే మనిషి మీద దుప్పటి కప్పడం ఎవరైనా చేసే పనే. నాకూ చేతులు అటే పోతున్నాయి. కాని ఆ మెడ నా అరచేతిని కాల్చింది. కోటు గుండీలు తెంచాను. స్వెట్టరు పైకి లాగాను.

“ఏం చేస్తున్నావయ్యా, అందరి ముందూ ఆడపిల్ల బట్టలు!” అని త్రినాథరావు నా చెయ్యి పట్టుకున్నాడు.

“నీళ్ళు! నీళ్ళియ్యుండ్రి! ఫ్యాను ఎయ్యుండ్రని జెప్తున్న గదా!”

ఎవరూ కదల్లేదు. గోడల పొడుగునా స్టాండ్ల మీద పెద్ద ఫ్యాన్లు వరుసగా ఉన్నాయి. వాటి పక్కనే మనుషులున్నారు. అందరూ దర్శకుడి ముఖం చూస్తున్నారు. దర్శకుడు మంచును చూస్తున్నాడు.

“ఫ్యానేస్తే సెట్టంతా పోతుందండీ. మళ్ళీ పరచడానికి రేపు దాకా పడుతుంది. బయటికి తీసుకెళ్ళండి ఆ అమ్మాయిని, బయట చూసుకోవచ్చు.”

ఆ మాట నేను మరచిపోను. మనోజ కళ్ళు పైకి తిరిగాయి. మెడ వాలిపోయి నా భుజం మీద పడింది. ఒళ్ళంతా కట్టెలా బిగిసి కొట్టుకోసాగింది.

శ్రీనిధి ఏడుస్తూ పరుగెత్తి స్విచ్చులన్నీ నొక్కింది. ఫ్యాన్లు ఒక్కసారిగా లేచాయి. మంచు లేచింది. ప్లాట్‌ఫారం, బెంచీలు, స్తంభాలు, అన్నిటి మీది తెలుపూ గాల్లోకి లేచి సుడులు తిరిగింది. ఎదుటి మనిషి కనిపించలేదు. కళ్ళలో, ముక్కులో, నోట్లో పొడి. చేతుల్లో ఉన్న బిడ్డ ముఖమే నాకు కనిపించలేదు. ఊపిరి ఉందో లేదో తెలియలేదు. ముక్కు దగ్గర చెంప పెడితే ఫ్యాను గాలి తప్ప ఇంకేమీ తెలియదు. ఆమె నోట్లో వేలు పెట్టి థర్మోకోల్ ముద్దలు తీస్తూనే ఉన్నాను. తీసినకొద్దీ వచ్చి పడుతున్నాయి. నేను చూసిన చావుల్లో ఇంత తెల్లటిది లేదు అనుకున్నాను. ఆ తర్వాత ఎవరో తలుపు తెరిచారు.

కంపెనీ కారులో జూబ్లీహిల్స్‌లోని ఒక ఆస్పత్రికి తీసుకెళ్ళారు. వెనక సీట్లో ఆమె తల నా ఒళ్ళో పెట్టుకుని సీసాలోని నీళ్ళు తల మీద పోస్తూ ఉన్నాను. ముందు సీట్లో త్రినాథరావు ఫోన్‌లో చెబుతున్నాడు. “ఆఁ, చలిజ్వరమండీ. పొద్దున జ్వరంతోనే వచ్చిందట. మాకు చెప్పలేదు. ఏం చేస్తాం, వీళ్ళకి వేషం కావాలి కదండీ.”

సిగ్నల్ దగ్గర కారు ఆగింది. ఎండ అద్దాల మీద తెల్లగా మండుతోంది. మనోజ గుండె మీద చెయ్యి పెట్టాను. పిట్ట గుండెలా కొట్టుకుంటోంది. ఆగితే నా చేతికే ముందు తెలుస్తుంది. అందుకే చెయ్యి తీసేయాలనిపించింది. తీయలేదు.

ఎమర్జెన్సీలో డాక్టరమ్మ ముందు త్రినాథరావు అదే మాట చెప్పాడు. చలిజ్వరం, పొద్దుటి నుంచి. ఆమె మలేరియా పరీక్షకు రక్తం తీయమంది. నర్సు ఒక దుప్పటి విప్పుతోంది.

“అబద్ధం” అన్నాను.

డాక్టరమ్మ నన్ను చూసింది. నా ఒంటి మీద ఇంకా ఉన్ని కోటు ఉంది. గడ్డం నిండా మంచు.

“ఎవరు మీరు?”

“దీని తండ్రిని. జ్వరం లేకుండె. పొద్దుగాల ఇడ్లీ తిని వచ్చింది. గీ కోటు, లోపట ఇంకో రెండు. తలుపులు మూసిన్రు, గాలి బంద్ వెట్టిన్రు. చెమట కారి కారి ఎండిపోయింది. ఆ తర్వాతనే వణుకు మొదలైంది.”

“బాలనర్సయ్యా!” అని త్రినాథరావు నా భుజం నొక్కాడు. “కంగారులో ఏదో అంటున్నాడు డాక్టర్‌గారూ.”

డాక్టరమ్మ అతన్ని ఇంకేమీ అడగలేదు. దుప్పటి తీసెయ్యమంది. ఐస్ తెమ్మంది. తెర లాగేశారు.

తెర బయట నేను నిలబడ్డాను. లోపల నీళ్ళు చల్లుతున్న చప్పుడు, ఫ్యాను, గబగబా మాటలు. అన్నీ ఇంగ్లీషు మాటలు. ఒక్కటీ అర్థం కాలేదు. స్టేబుల్ అన్న ఆ పాత మాట వినబడుతుందేమోనని చెవులు మూసుకున్నాను. త్రినాథరావు వచ్చి నా చేతులు దించాడు.

“చూడు పెద్దాయనా. జ్వరంతో వచ్చిందని ఒక్క మాట చెప్పు. ఖర్చంతా కంపెనీ చూసుకుంటుంది. తర్వాతి సినిమాలో పిల్లకు మంచి క్యారెక్టర్ ఇప్పిస్తాను, ఒక్క మాట కాదు, నాలుగు సీన్లు. చెప్పకపోతే కృష్ణానగర్‌లో నిన్ను పిలిచేవాడుండడు. పిల్లనీ పిలవరు. దాని బతుకు నువ్వే పాడుచేసినవాడివవుతావు. ఆలోచించుకో.”

ఆలోచించాను. అతను చెప్పినదంతా నిజమేనని నాకు తెలుసు. పిలవరు. మనోజకు ఈ పని తప్ప ఇంకేదీ అక్కర్లేదు. బతికి లేస్తే ఎందుకు చెడగొట్టావని నన్ను అడుగుతుంది. లేవకపోతే అడిగేవాళ్ళుండరు.

“నా బిడ్డ జ్వరంతోని రాలే” అన్నాను. “జ్వరం మీరే తెప్పిచ్చిన్రు. ఎవరడిగినా గిదే జెప్త. పోలీసులడిగినా గిదే.”

“నీ ఖర్మ” అని అతను ఫోన్ తీసుకుని బయటికి నడిచాడు. మళ్ళీ రాలేదు.

చలిజ్వరం కాదు, వడదెబ్బ అన్నారు. సాయంత్రానికి ఒళ్ళు చల్లబడిందన్నారు. కిడ్నీల సంగతి ఇప్పుడే చెప్పలేమని, ఇంకా కొన్నాళ్ళు చూడాలని డాక్టరమ్మ తెలుగులోనే చెప్పింది. బాగవుతుందని చెప్పలేదు. అందుకు ఆమెను నమ్మాను.

మనోజ కళ్ళు తెరిచింది. పెదాల మీద తెల్లరంగు ఇంకా మూలల్లో ఉంది. నన్ను గుర్తుపట్టడానికి కొంతసేపు పట్టింది.

“నాయినా.”

“ఆఁ బిడ్డా.”

“మాట చెప్పిన్నా?”

“చెప్పలే.”

“మరేం జెప్పిన?”

అబద్ధం చెప్పవచ్చు. నాకు రాదు.

“సలి వెడుతుంది నాయినా అన్నవు.”

“అందరి ముంగట్నా?”

“అందరి ముంగట.”

సూది ఉన్న చేతిని మెల్లగా కదిపింది.

“షాటు?”

“నేనే ఆపిన. సెట్టు గూడ పోయింది. ఇగ పిలువరంట, నిన్నూ నన్నూ.”

ఆమె ఏడవలేదు. నన్ను తిట్టినా బాగుండేది. చాలాసేపు పైకప్పు చూసి, ముఖం అటువైపు తిప్పుకుంది. నేను వీపు చూస్తూ కూర్చున్నాను. వీపును చూస్తే ఊపిరి సరిగ్గా తెలియడం లేదు. కుర్చీ ఎత్తుకుని మంచం చుట్టూ తిరిగి ఆమె ముఖం ఉన్న వైపు వేసుకుని కూర్చున్నాను. నన్ను చూసి కళ్ళు మూసుకుంది. ఆ రెప్పల కింద కదలిక ఆగకుండా చూస్తూ ఉన్నాను.